ఎర్రచీరలో తెల్లమూల

అనగనగా అంటే నిన్నో మొన్నో కాదు. సముద్రం ఇంకా కాస్త దూరంగా ఉండి, గాలి మళ్ళినప్పుడు మాత్రమే దాని గొంతు వినబడే రోజుల మాట. ఊఁ కొట్టేవాళ్ళు కొట్టండి, నిద్రొచ్చేవాళ్ళు పడుకోండి. కథ మాత్రం తన దారిన తాను పోతుంది.

ఆ రోజుల్లో సముద్రానికి ఇవతల తెల్లటి ఇసుక దిబ్బ ఒకటి ఉండేది. దిబ్బకి ఇవతల ఒక పాలెం. దిబ్బకీ పాలేనికీ మధ్యన ఒక చెలమ. చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. ఆ ఒక్క చెలమలో మాత్రం కొబ్బరినీళ్ళలాంటి తియ్యటి నీళ్ళు. దిబ్బ వాననంతా తాగి, తనలో దాచుకుని, కొంచెం కొంచెంగా చెలమలోకి వదిలేది. పాలెం ప్రాణమంతా అందులోనే ఉండేది.

దిబ్బమీద చిరివేరు మొలిచేది. చూడబోతే గడ్డికి ఎక్కువ, మొక్కకి తక్కువ. పైన జానెడు కూడా ఉండదు. కింద వేరు మాత్రం దారప్పోగులా సన్నగా ఇసుకలోకి దిగిపోతుంది. ఆ వేరుని ఎండబెట్టి, దంచి, పెద్ద రాగి కాగులో మరిగించి గుడ్డ ముంచితే, పొద్దుగూకే వేళ ఆకాశం ఎంత ఎరుపో అంత ఎరుపు. మూడేళ్ళు పెరిగిన వేరైతే ఆ రంగు ఉతికేకొద్దీ ఎర్రబడుతుంది.

పాలెంలో వేర్లు తవ్వేవాళ్ళది ఒక వాడ, అద్దకం వాళ్ళది ఒక వాడ. రెండు వాడల మధ్యన పెద్ద గంజికుండ. ముసలివాళ్ళు, దిక్కులేనివాళ్ళు, మంచం దిగలేనివాళ్ళు, ఎవరి పొయ్యి రాజకపోయినా సరే, అక్కడికి ముంత పట్టుకొస్తే నిండేది. ఎందుకొచ్చావని అడిగేవాళ్ళు లేరు.

తవ్వేవాళ్ళకి ఒక అలవాటు ఉండేది. తవ్వుకోల ఇసుకలో దించే ముందు ఒక మాట అనేవాళ్ళు.

"కాగుకింత, గంజికింత, దిబ్బకింత."

కాగుకింత అంటే అద్దకం వాళ్ళకి ఇచ్చి కూలి గింజలు తెచ్చుకునే వేర్లు. గంజికింత అంటే గంజికుండ పేరున ఇచ్చే వేర్లు. వాటికొచ్చే గింజలు కుండలోకే పోవాలి. దిబ్బకింత అంటే తవ్వకుండా వదిలేసేవి. దీనికి చాటింపు లేదు, కట్టుబాటు లేదు. అమ్మ అనేది కాబట్టి కూతురూ అనేది.

ఆ తవ్వేవాళ్ళలో నాంచారి ఒకతె. మొగుడు వేటకి పోయి సముద్రంలోనే ఉండిపోయాడు. ఉన్న ఒక్క కూతురు వీరాలు అత్తారింట ఉండేది. నాంచారికి మాట తక్కువ, నిద్ర ఎక్కువ. కూర్చున్న చోట కునుకు, ఆనుకున్న చోట కునుకు. నాంచారక్క నిద్రలోనే తవ్వుతుందని వాడంతా ఆటపట్టించేది. అందులో అబద్ధం లేదు. సగం మూతపడ్డ కళ్ళతో చెయ్యి ఇసుకలో పెడితే, వేరు తనంతట తాను వేళ్ళకి తగిలేది. అన్ని చీరలకి ఎరుపు తవ్విచ్చిన ఆ మనిషి ఒంటిమీద మాత్రం ఎప్పుడూ ఇసుకరంగు ముతక కోకే. ఎప్పటికైనా ఒక్క ఎర్రచీర కట్టాలని ఆశ. ఆ ఆశ పైకి చెప్పినదీ లేదు.

ఇలా ఉండగా ఒక ఏడు ఓడ వచ్చింది. ఓడ షావుకారు ఆ ఎరుపు చూసి కళ్ళు తిప్పుకోలేకపోయాడు. ఒక పడవెడు గుడ్డలు అడిగాడు. అద్దకం వాళ్ళ పెద్ద పేరయ్య సరేనన్నాడు. పేరయ్య చెడ్డవాడేం కాదు. పాలెంలో ఇంటింటా గాదె నిండితే చూడాలని ఉండేది. నిండింది కూడా. పాత తాటాకులు పోయి కొత్త తాటాకులొచ్చాయి. గంజికుండ పగిలేదాకా ఆగకుండానే ఇంకా పెద్ద కుండ తెచ్చారు.

రెండో ఏడు ఓడ రెండు పడవలడిగింది. తవ్వేవాళ్ళకి ఊపిరి తీసుకునే తీరిక లేదు. "కాగుకింత, గంజికింత..." అని, మూడో మాట మింగేశారు. మొదట మింగింది నాంచారే. ఆవులిస్తూ మింగేసింది. వచ్చే ఏడు వదుల్దాంలే అనుకుంది.

మూడో ఏడు ఓడ ఎన్ని పడవలడిగిందో చెప్పలేం. ముసలి వేర్లు ఎక్కడో ఒకటీ అరా తప్ప అయిపోయాయి. నిన్నగాక మొన్న మొలిచిన పిల్లవేర్లు తవ్వారు. పిల్లవేరులో రంగెక్కడుంటుంది? ఒక గుడ్డకి ఒక మోపు సరిపోయే చోట రెండు మోపులు పోశారు. రెండు మోపులు పోయాలంటే ఇంకా చిన్నవి తవ్వారు. ఇంకా చిన్నవాటిలో ఇంకా రంగు లేదు. గంజికుండ వాటా కూడా కాగులోకే పోయింది. ఓడ రాగానే తిరిగి ఇచ్చేస్తానని పేరయ్య మాటిచ్చాడు. దిబ్బమీద ఇప్పుడు ఒకటే మాట వినబడేది.

"కాగుకింత, కాగుకింత, కాగుకింత."

వేర్లు పోయిన దిబ్బ వదులైంది. గాలి తోలితే ఇసుక లేచింది. ముందు కళ్ళలో పడింది. తరవాత గంజిలో పడింది. గుడ్డి ఓబులు తాత ఒక గుక్క తాగి, పళ్ళ కింద కరకరమంటుంటే నవ్వాడు. ఇవాళ్టి నుంచి దిబ్బని కూడా వండుతున్నార్రా అన్నాడు. ఆ తరవాత ఇసుక చెలమలో పడింది. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఆ ఏడు అందరికన్నా ఎక్కువ తవ్విందని పేరయ్య నాంచారికి ఎర్రచీర పెట్టాడు. నాంచారి దాన్ని చెంపకి ఆనించుకుంది. కొత్త రంగు వాసన పీల్చింది. విప్పి కట్టుకోవడానికి మనసొప్పలేదు. మడత మడతగానే చంకన పెట్టుకుని దిబ్బెక్కింది. మిట్టమధ్యాహ్నం అక్కడే కునుకు తీసింది.

కలలో ఒక అవ్వ. తెల్లకోక, అదీ చిల్లులు పడి పీలికలైంది. మండుటెండలో గజగజ వణుకుతోంది.

"చలేస్తోందే పిల్లా," అంది.

నాంచారికి మెలకువొచ్చింది. ఎండ దెబ్బేమో అనుకుని తవ్వుకోల ఎత్తుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ కునుకు, మళ్ళీ అవ్వ. ఈసారి దిబ్బ దిగి చెలమ ఒడ్డున కూర్చుంది. పాదాలు నీళ్ళలో పెట్టింది. ఇంత ఎండలో చలేంటవ్వా అని నాంచారి అడిగింది.

"నా కోక పోగులన్నీ మీరు లాగేశారుగా," అంది అవ్వ. ఆ మాటలో కోపం లేదు. అందుకే నాంచారికి ఏడుపొచ్చింది.

మూడో మధ్యాహ్నం అవ్వ చెలమ దాటి వచ్చింది. నాంచారి గుడిసె గడప దగ్గర నిలబడి, లోపల, ఆ ఏడే పురిటికి పుట్టింటికొచ్చిన బాలింత వీరాలు పక్కన పడుకున్న పసిబిడ్డని చూసింది.

"బయట ఉండలేకపోతున్నానే. మీ ఇంట్లోకొచ్చి పడుకోనా?" అంది.

నాంచారి ఉలిక్కిపడి లేచింది. నడుం దాకా ఇసుక కప్పేసి ఉంది. లేచి చెలమ దగ్గరికి పరుగెత్తింది. దోసిలి ముంచితే సగం ఇసుకే. మిగిలిన సగం నాలిక మీద ఉప్పగా తగిలింది. బిడ్డకి పాలు పట్టాల్సిన తల్లి ఈ నీళ్ళే తాగాలి. నాంచారి రెండు వాడలూ తిరిగి కల సంగతీ, నీళ్ళ సంగతీ చెప్పింది.

పాలెమంతా పోగైంది. ఇంక తవ్వకం మానేద్దామన్నారు కొందరు. మానేస్తే గంజికుండలోకి ఏం పోస్తారని ఓబులు తాత అడిగాడు. ఉన్నదంతా తవ్వేసి గింజలు మూటకట్టుకుని ఇంకో చోటికి పోదామన్నారు ఇంకొందరు. మంచం దిగలేనివాళ్ళని ఎవరు మోస్తారని అడిగాడు తాత. ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుని చీకటి పడకుండానే ఇళ్ళకి పోయారు.

నాంచారి మాత్రం ఇంటికి పోలేదు. చంకలో చీర పట్టుకుని చెలమ పైనున్న వాలు ఎక్కింది. అక్కడక్కడా మిగిలిన మొక్కల్ని దులిపి, దుమ్ములాంటి గింజలు కొంగులో పట్టింది. ఇసుక మీద చల్లింది. దానిమీద ఎర్రచీర పరిచింది. అంచులకి రాళ్ళు పెట్టింది. మీద నీళ్ళు చిలకరించింది.

ఆ సంగతి తెలిసి పేరయ్య రొప్పుతూ వచ్చాడు.

"నీకిచ్చింది కట్టుకోడానికి, నాంచారీ."

"కట్టుకోడానికే ఇచ్చాను, పెద్దయ్యా. పాపం, అవ్వకి చలేస్తోంది."

పేరయ్య వంగి ఆ చీర అంచు తడిమాడు. గాలి తోలుతున్నా దానికింద ఇసుక కదలడం లేదు. రేపట్నించి మళ్ళీ మూడు మాటలూ అందాంలే అన్నాడు. నాంచారి తల అడ్డంగా ఊపింది.

"నోటితో అన్న మాటని మింగెయ్యొచ్చు, పెద్దయ్యా. మొదట మింగింది నేనే. ప్రతి గుడ్డకీ ఒక మూల రంగెయ్యకుండా తెల్లగా వదిలెయ్. అది దిబ్బ వాటా. అందరికీ కనబడుతుంటే ఎవరు మింగుతారు? ముసలి వేరు మాత్రమే తవ్వుదాం. ఎన్ని గుడ్డలైతే అన్నే."

"ఓడ షావుకారు పుచ్చుకోడు."

"పుచ్చుకోకపోతే ఉన్నదే వండుదాం. అందరం ఆ కుండలోదే తాగుదాం. నువ్వు కూడా."

"నేను కూడానా?" అన్నాడు పేరయ్య. ఆ మాట అతనితో ఎవరూ అని ఉండరు. కానీ ఆ రోజు అతనూ చెలమ నీళ్ళు రుచి చూశాడు. సరేనన్నాడు.

నాలుగో ఏడు ఓడ వచ్చింది. పేరయ్య తీసుకెళ్ళినవి పట్టుమని పడవలో సగం కూడా లేవు. షావుకారు ఒక గుడ్డ విప్పి, తెల్లమూల చూసి, రంగు చాల్లేదా అని నవ్వాడు.

"రంగు చాలింది, షావుకారూ. ఆ మూల మాది కాదు."

"మరెవరిది?"

"దిబ్బది."

షావుకారు ఇంకా నవ్వాడు. నలుగురికీ చూపించి నవ్వించడానికని ఒక్క గుడ్డ మాత్రం కొనుక్కుని, ఓడ తిప్పుకుని పోయాడు.

ఆ ఏడు పాలెం ఎలా గడిచిందో అడక్కండి. గంజికుండలో పీతలు ఉడికాయి, మునగాకు ఉడికింది, ఎండుచేపల తలకాయలు ఉడికాయి. ముంత పట్టుకుని పేరయ్య కూడా వరసలో నిలబడ్డాడు. ఓబులు తాత గొంతు గుర్తుపట్టి, ఇసుక తగుల్తోందా పెద్దయ్యా అని అడిగాడు. తగలడం లేదన్నాడు పేరయ్య. కొందరు నాంచారిని ఎదురుగానే తిట్టారు. నిద్రమొహంది, ఊరందరి నోట్లో మట్టికొట్టిందన్నారు. నాంచారి విన్నది. తన ముంతలో సగం వీరాలు ముంతలో పోసి, కడవ ఎత్తుకుని దిబ్బెక్కింది. రోజూ అదే పని. వానలు పడ్డాయి. చీర నేతలోంచి పచ్చటి మొలకలు తల ఎత్తాయి. చెలమలోకి ఊట మళ్ళింది. ఒక పొద్దున వీరాలు నీళ్ళు తాగి, అమ్మా తీపొచ్చింది అంది. నాంచారి కూతుర్ని దగ్గరికి తీసుకుని తల నిమిరింది.

ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే దిబ్బమీద పడుకుంది. ఎప్పుడూ పడుకునే మనిషే కదా అని ఎవరూ లేపలేదు. పొద్దు వాలేవేళ బిడ్డనెత్తుకుని వీరాలు వెళ్ళి చూసేదాకా, అది నిద్ర కాదని ఎవరికీ తెలియలేదు.

పాలెం ఏడ్చింది. తిట్టినవాళ్ళు ఇంకా గట్టిగా ఏడ్చారు. పోయేటప్పుడైనా ఎర్రచీర కప్పి పంపిద్దామన్నారు. వాలు మీదికి పోయి అంచు పట్టుకుని లాగారు. రాలేదు. ముగ్గురు కలిసి లాగారు. రాలేదు. చిరివేరు ప్రతి పోగులోంచీ దూరి ఇసుకలోకి దిగిపోయింది. చీర లాగితే వేర్లొస్తాయి. వేర్లొస్తే దిబ్బ కదుల్తుంది.

"వదిలెయ్యండి," అంది వీరాలు. "అవ్వ కట్టుకుంది."

నాంచారిని ఇసుకరంగు కోకలోనే దిబ్బ పాదాన పూడ్చారు. ఎర్రచీర కట్టాలన్న ఆశ ఆమెకి తీరనే లేదు.

ఆ తరవాత ఓడ వచ్చింది. షావుకారు తనే ఒడ్డుకి దిగాడు. అంతకుముందు పట్టుకెళ్ళిన పిల్లవేరు గుడ్డలన్నీ రెండు ఉతుకులకే వెలిసిపోయాయట. కొన్నవాళ్ళు మొహాన కొట్టారట. నవ్వడానికి కొన్న ఆ ఒక్క గుడ్డ మాత్రం ఉతికేకొద్దీ ఎర్రబడిందట. తెల్లమూల ఉన్నవే కావాలన్నాడు. ఎన్ని పడవలిస్తావని అడిగాడు. దిబ్బ ఎంతిస్తే అంత అన్నాడు పేరయ్య. షావుకారు ఈసారి నవ్వలేదు. ఓడ లంగరేసి ఆగాడు.

ఆ పాలెం వైపు ఎర్రచీరకి ఒక మూల ఇప్పటికీ తెల్లగానే ఉంటుందంటారు. దాన్ని నాంచారి మూల అంటారు. బిడ్డ పుట్టగానే ఆ మూలనే చెలమ నీళ్ళలో తడిపి, మొదటి తడి పెదాలకి అద్దుతారు. పిల్లలు చెట్టెక్కి కాయలన్నీ కోసుకొచ్చినా, కోడలు కుండ అడుగు దాకా గీకి వడ్డించినా, జాలరి వలలో చిట్టిపిల్లలతో సహా ఎత్తుకొచ్చినా, తిట్టరు, కొట్టరు. ఒక్క మాట అడుగుతారు.

"నాంచారికి వదిలావా?"

వదలనివాళ్ళు తల వంచుకుని వెనక్కి పోయి, వదిలేసి వస్తారు.