గురువులు కొత్త కన్ను

బొబ్బిలిలో లాండ్రీ నడిపే గురువులు అనే మనిషి పనిలో గట్టివాడే గానీ, ఎదుటి మనిషి ఏం చెప్పినా దాని వెనక ఏదో మోసం ఉందనుకునేవాడు. కూరగాయలమ్మే ఆవిడ ఒక మిరపకాయ ఎక్కువేసినా, ఎందుకేసిందా అని సంచి మొత్తం కుమ్మరించి చూసుకునేవాడు.

అతని రెండు కళ్లకీ శుక్లాలు వచ్చాయి. శుక్లం ముదిరితే చూపు మసకబారడమే కాదు, తెల్లటిది కూడా పసుపుపచ్చగా కనిపిస్తుంది. ఆ సంగతి గురువులుకి తెలీదు. చొక్కా తెల్లబడలేదనుకుని నీలిమందు ఇంకాస్త, ఇంకాస్త పోసేవాడు. బట్టలు నీలంగా వస్తున్నాయని జనం మొత్తుకుంటే, కూలి తగ్గించడానికి నాటకాలాడుతున్నారనేవాడు.

చివరికి ఇస్త్రీ చేస్తూ ఎవరిదో పట్టుచీర కాల్చేశాక, భార్య పైడమ్మ పోరు పడలేక ఆపరేషన్‌కి ఒప్పుకున్నాడు. కంటాసుపత్రి డాక్టరమ్మ ముందు కుడికంటికి చేసింది. శుక్లం తీసేసి లోపల చిన్న లెన్సు పెట్టింది. మర్నాడు కట్టు విప్పి, నెమ్మదిగా అన్నీ చెప్పింది. చుక్కల మందు మానకూడదు. సబ్బునీళ్లు, మురికినీళ్లు కంటికి తగలకూడదు. కన్ను ఎర్రబడినా, నొప్పెట్టినా, చూపు తగ్గినా వెంటనే పరుగెత్తుకు రావాలి. గురువులు తల ఊపాడు గానీ, అతని మనసంతా ఇంకోదాని మీద ఉంది. చెప్పిన లెన్సే పెట్టారా, నాసిరకం దేన్నైనా తోసేశారా?

ఇంటికొచ్చి దండెం మీది తెల్లచొక్కా చూశాడు. లేతనీలంగా ఉంది. కుడికన్ను మూసి చూశాడు. తెల్లగా ఉంది. ఎడమకన్ను మూశాడు. మళ్లీ నీలం.

"చూశావా, నీలం రంగు లెన్సు అంటగట్టేరు," అన్నాడు.

"చొక్కా నీలంగానే ఉంది మావా. ఊరంతా ఎప్పట్నించో అదే చెప్తంది," అంది పైడమ్మ.

"నువ్వు కూడా వాళ్ల పక్కే చేరిపోనావేటి?"

పోనీ వెళ్లి డాక్టరమ్మనే అడగమంది ఆమె. అడిగితే ఇంకో ఆపరేషన్ అంటారని అతను కదల్లేదు. పైగా ఆ చుక్కల మీద కూడా అనుమానం వచ్చింది, రంగు వేస్తున్నది అవేనేమోనని. సీసా తీసి పరుపు కింద దాచేసి, వేసుకుంటున్నానని భార్యకి అబద్ధం చెప్పాడు. మళ్లీ బట్టల తొట్టి దగ్గర కూర్చున్నాడు. సబ్బునురుగు చింది కంట్లో పడితే తడిచేత్తోనే నులుముకున్నాడు.

కన్ను ఎర్రబడింది. సలపడం మొదలైంది. ఓ రోజు పొద్దున్న లేచేసరికి చూపు మసకేసింది. ఆ మసకలో చొక్కా నీలం కూడా తెలియలేదు. దానికి గురువులు సంబరపడిపోయాడు, చెప్తే నమ్మరు.

"చుక్కలు మానేసరికి రంగు పోయింది చూడు. నేను చెప్పలేదా?"

పైడమ్మ అతని ఎడమకన్నుని అరచేత్తో మూసింది. "నా మొహం కనపడతందా?" అంది.

ఎదురుగా ఉన్నది మనిషో, గోడో కూడా అతనికి తెలియడం లేదు.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. లోపల చీము పట్టిందని, కన్ను దక్కుతుందో లేదో చెప్పలేనని డాక్టరమ్మ అంది. కంట్లోకే ఇంజెక్షన్ ఇచ్చి అక్కడే ఉంచేసుకుంది. అప్పుడు అడిగాడు గురువులు, నిజం చెప్పమ్మా, నీలం లెన్సే పెట్టారా అని.

ఆమె కోప్పడలేదు. "ఈ మాట ఆ రోజే అడిగుంటే ఆ రోజే చెప్పేదాన్ని కదా. చొక్కా నీలంగా ఉంది కాబట్టే నీలంగా కనిపించింది. నీలాన్ని తెలుపని చూపించి ఇన్నాళ్లూ నిన్ను మోసం చేసింది నీ పాత శుక్లం. లెన్సు చూపునిస్తుంది, నిజమే. కానీ కన్ను కోసి లోపల ఒకటి పెట్టినప్పుడు ప్రమాదం కూడా ఉంటుంది. అందుకే అన్ని జాగ్రత్తలు చెప్పాను. నువ్వు అనుమానించాల్సింది రంగుని కాదయ్యా, నొప్పిని."

కన్ను దక్కింది గానీ, మొదటి రోజు వచ్చినంత చూపు మళ్లీ రాలేదు. ఎడమకంటి ఆపరేషన్‌కి వెళ్లినప్పుడు గురువులు డాక్టరమ్మని ప్రశ్నలతో విసిగించేశాడు. అన్నిటికీ జవాబు తెలుసుకున్నాకే బల్ల ఎక్కాడు. చుక్కలు ఒక్కపూట కూడా మానలేదు.

ఒంట్లో ఏది పెట్టించుకున్నా దాని మేలు దానికుంటుంది, ముప్పు దానికుంటుంది. అనుమానం రావడం తప్పు కాదు, అడగాల్సిన మనిషిని అడక్కుండా మనకి మనమే తేల్చేసుకోవడం తప్పు.