కుప్ప పక్కన సుంకమ్మ

అనగనగా అనే మాట కూడా ఇంకా పుట్టని రోజుల్లో, ఒక గుట్ట కింద ఒక ఊరు ఉండేదట. ఆ ఊళ్లో సుంకమ్మ అని ఒకామె. ఊళ్లోవాళ్ల కొట్టాల్లో పేడ ఎత్తి బతికేది. మొగుడు లేడు, చుట్టం లేడు. చిట్టెమ్మ అని ఒక్కతే కూతురు. ఆ పిల్ల కూడా ఏడేళ్లకే జ్వరమొచ్చి పోయింది.

పిల్లని గుట్ట మీద పూడ్చారు. అది ఒట్టి గులకరాళ్ల నేల, గడ్డిపోచ మొలవదు. వాన పడితే దిబ్బ మీద మట్టి జారిపోయేది. గుర్తుకి రాయి పెడితే రాయీ దొర్లిపోయింది.

"ఇంకో మూడు వానాకాలాలు పోతే నా బిడ్డ ఎక్కడుందో నాకే తెలీదు" అనుకుంది సుంకమ్మ. గడ్డి పట్టుకుంటే మట్టి నిలుస్తుంది. గడ్డి కావాలి, అంతే.

మొదటి ఏడు పచ్చిపేడ గంపలతో మోసి, పరిచి, గరిక నాటింది. పచ్చిపేడ వేడికి వారానికే గరిక మాడిపోయింది. వాన వచ్చింది, మట్టి పోయింది.

రెండో ఏడు పేడ కుప్ప పోసి, రెండు నెలలు ఆగి పరిచింది. గరిక కంటే ముందు పల్లేరు లేచింది. పల్లేరు పీకితే దాంతోపాటు గరికా ఊడొచ్చింది. వాన వచ్చింది, మట్టి పోయింది. దిబ్బ జానెడు ఎత్తు మిగిలింది.

మూడోసారి గంప ఎత్తుకుని పోతుంటే ఎద్దుల ఈరన్న ఎదురయ్యాడు.

"ఏం సుంకమ్మొదినా, ఎరువు జొన్నచేలో వేస్తే కంకి వస్తుంది. గుట్ట మీద వేస్తే ఏమొస్తుంది?"

"గడ్డి వస్తుంది ఈరన్నా."

"వస్తే మేకలు తినిపోతాయి కదమ్మా!" అని నవ్వాడు.

"తిననీ నాయనా. వేరుని తినవు కదా."

ఈరన్నకి నవ్వు ఆగిపోయింది. "అయితే తొందరపడకు ఒదినా. కుప్ప వెయ్యి, నీళ్లు చల్లు, తిరగెయ్యి. చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఉందా, ముట్టుకోకు. చల్లబడిందా, అప్పుడు ఎత్తు."

సరే అని గుడిసె పక్కనే కుప్ప వేసింది. రోజూ మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసేది. వెచ్చగా ఉండేది. ఎట్లా వెచ్చగా అంటే, నిద్రపోయే పిల్ల వీపు మీద చెయ్యి వేస్తే ఉంటుంది చూడండీ, అట్లా.

చలికాలం వచ్చింది. సుంకమ్మ కుప్పకి ఆనుకుని కూర్చునేది. కబుర్లు చెప్పేది. "పిచ్చిది, పేడతో మాట్లాడుతోంది" అని నవ్వేవాళ్లు ఆడవాళ్లు. నవ్వారే గాని, ఒక్కరూ వచ్చి పక్కన కూర్చోలేదండీ. చల్లబడుతోంది అనుకునేసరికి తిరగేసేది, మళ్లీ వేడెక్కేది. సుంకమ్మ మురిసిపోయేది.

ఎండాకాలం చివర ఒకరోజు తిరగేసింది. వేడెక్కలేదు. మర్నాడు చెయ్యి పెట్టింది. చల్లగా, మెత్తగా, నల్లటి మట్టి. పేడ వాసనే లేదు, తొలకరి వాసన.

"నువ్వు కూడా చల్లబడ్డావా తల్లీ" అని ఏడ్చింది. ఇంకొక్క రోజు ఉంచుకుందామా అనుకుంది. అవతల మబ్బులు పట్టాయి. కళ్లు తుడుచుకుని గంప ఎత్తింది.

ఆ మట్టి పరిచి గరిక నాటింది. గరిక పట్టుకుంది. వాన వచ్చింది, గుట్ట మీద రాళ్లు దొర్లాయి, చేల గట్లు తెగాయి. మట్టి మాత్రం పోలేదు. జానెడు దిబ్బ, పచ్చగా, అట్లాగే ఉంది. సుంకమ్మ ఆ వానలో తడుస్తూ దాని మీద చెయ్యి వేసి కూర్చుందట.

ఆ ఏడు చలికాలానికి ఆమెకి కుప్ప లేదు. ఒకరోజు తెల్లారింది, సుంకమ్మ లేవలేదు. కూతురి పక్కనే పూడ్చారు. గరిక దానంతట అదే పాకి ఇద్దరినీ కప్పేసింది.

తర్వాత ఈరన్న తన ఎరువు ఎత్తబోయి కుప్పలో చెయ్యి పెట్టాడు. వెచ్చగా తగిలింది.

"ఎత్తమంటావా?" అంది పెళ్లాం.

"వద్దులే. సుంకమ్మ ఇంకా కూర్చునే ఉంది."

ఇప్పటికీ ఆ గుట్ట కింద ఊళ్లలో ఎరువు ఎత్తేముందు కుప్పలో చెయ్యి పెడతారు. చల్లగా ఉంటే "సుంకమ్మ లేచింది, పట్టండి గంపలు" అంటారు. వెచ్చగా ఉంటే ఎవరూ కదిలించరు. కాసేపు పక్కన కూర్చుని, పోతారు.