చౌటిపురం తోటకూర

అనగా అనగా, మీ తాతలకి తాతలు ఇంకా ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో, చౌటిపురం అనే రాజ్యాన్ని రత్నకేతుడనే రాజు ఏలేవాడు. రాజుగారికి ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. పెద్దవాడు జయకేతుడు, రెండోవాడు వీరకేతుడు, మూడోవాడు మణికేతుడు. అందరికన్నా చిన్నది కువలయ, తొమ్మిదేళ్ల పిల్ల. మణికేతుడికి ఆ చెల్లెలంటే పంచప్రాణాలు.

రాజ్యం పెద్దదే గానీ ఏం లాభం? నేలంతా చౌడు. ఎటు చూసినా తెల్లగా ఉప్పు తేలి ఉండేది. తుమ్మచెట్టు తప్ప ఇంకేదీ బతికేది కాదు. వంగనారు పెడితే వారంలో మాడిపోయేది, బీరగింజ పెడితే మొలకే వచ్చేది కాదు. జనం జొన్నరొట్టె, మేకపాలు, ఎండుచేప తిని కాలం గడిపేవారు. ఆ జొన్నలు కూడా పొరుగు రాజ్యం నుంచి బళ్ల మీద రావలసిందే. మరి కూరలో? అవీ తెప్పించి చూశారు పాపం. పదిరోజుల దారి కదా, ఊరు చేరేసరికి కుళ్లి కంపు కొట్టేవి.

ఆ ఊరివాళ్లకి ఒక్కటే గొప్ప, శుభ్రం! పొద్దువాలేసరికి కోట మీద నగారా మోగేది. మోగిందా, ప్రతి ఇంటివాళ్లూ వాకిలి ఊడ్చి, రాలిన తుమ్మాకు, పశువుల పేడ, వంటింటి తుక్కు అంతా కుప్పవేసి నిప్పు పెట్టాల్సిందే. ఎవరి వాకిట్లోనైనా ఒక్క ఎండుటాకు కనబడిందంటే ఊరంతా చెవులు కొరుక్కునేది. మా ఊరంత శుభ్రమైన ఊరు పధ్నాలుగు లోకాల్లోనూ లేదని మురిసిపోయేవాళ్లు, వెర్రిబాగులవాళ్లు!

ఒక సాయంత్రం కువలయ అన్న దగ్గరికి పరుగెత్తుకొస్తూ గడప తట్టుకుని బోర్లాపడింది. మర్నాడూ పడింది. మూడోనాడూ పడింది. పడి, మోకాళ్లు తడుముకుంటూ, “అన్నయ్యా, ఇంకా దీపం పెట్టలేదేం?” అంది. దీపం దాని ముందే వెలుగుతోంది.

మణికేతుడు పరుగున వెళ్లి తండ్రికి చెప్పాడు. రాజవైద్యుడు వచ్చి పిల్ల కళ్లు చూసి, “రేచీకటి మహారాజా. ఊళ్లో సగంమంది పిల్లలకి ఇదే. లేత ఆకుకూరలు పడాలి. ఏడాదిలోగా పడకపోతే పగటి చూపూ పోతుంది. పొరుగు రాజ్యానికి తీసుకెళ్దామన్నా, ఈ నీరసంలో పిల్ల పదిరోజుల ప్రయాణానికి తట్టుకోలేదు” అన్నాడు.

పెద్దవాడు జయకేతుడు లేచి, “ఇంతేనా!” అంటూ వెళ్లి నూరు బళ్ల ఎర్రమన్ను తోలించాడు. చౌటి మీద మూరెడు మందాన పరిపించాడు. ఒక్క వాన కురిసి ఎండ కాసిందో లేదో, కింది ఉప్పంతా పైకొచ్చి కూర్చుంది. రెండోవాడు వీరకేతుడు లేచి, “ఇంతేనా!” అంటూ వెళ్లి ఏడు బావులు తవ్వించాడు. ఏడింట్లోనూ ఉప్పునీళ్లే. ఆ నీళ్లు పోస్తే తుమ్మమొక్క కూడా తల వాల్చేసింది. ఆర్నెల్లు ఇట్టే గడిచిపోయాయి.

అప్పుడు మణికేతుడు చెల్లెల్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. “ఏడు సముద్రాల అవతల రాతిదీవి ఉందట. అక్కడో మాంత్రికుడు బండరాయి మీద తోట పెంచుతున్నాడట. ఆ విత్తనాలు తెచ్చి నీకు తోటకూరపప్పు చేయించి పెడతానమ్మా” అన్నాడు. “తొందరగా రా అన్నయ్యా, నీ మొహం మసకేసిపోతోంది” అంది ఆ పిల్ల.

బయల్దేరాడు. పోగా పోగా ఒకచోట ముళ్లకంపలో చిక్కిన కాకిని విడిపించాడు. పోగా పోగా ఇంకోచోట ఎండలో మాడుతున్న వానపాముల్ని తీసి తడిమట్టిలో వేశాడు. పోగా పోగా మరోచోట వాగులో కొట్టుకుపోతున్న చీమలకి ఆకు అందించాడు. “నీ మేలు మరిచిపోం, మేమూ వస్తాం” అన్నాయి మూడూ. కాకి భుజాన ఎక్కింది. వానపాములు కొబ్బరిచిప్పలోని మట్టిలో కూర్చున్నాయి. చీమలు అంగవస్త్రం కొంగున చేరాయి. మంచివాడే, చూశారా! మంచివాడు కాడని నేననను.

సముద్రాలు దాటించిన ముసలి పడవవాడు దీవి కనబడగానే, “బాబూ, ఆ మాంత్రికుడు ఎంతమంది రాకుమారులు వచ్చినా ఒక్క గింజ ఇచ్చి ఎరగడు. వాడి ప్రాణం చిలకలో ఉంది. అవసరం పడితే దాని పీక నులిమెయ్” అని చెవిలో ఊదాడు. ఆ మాట మణికేతుడి చెవిలోనే ఉండిపోయింది.

దీవంతా బండరాయే. కానీ ఆ బండ మీద పందిళ్ల నిండా సొరకాయలు, గట్ల వెంట మునగచెట్లు, మడుల్లో మోకాలెత్తు తోటకూర! మాంత్రికుడు గోచీ పెట్టుకుని, చేతులు మోచేతిదాకా మట్టి చేసుకుని ఉన్నాడు. “ఎవరు నాయనా? ఏం కావాలి?” అన్నాడు.

“రాజకుమారుణ్ణి. విత్తనాలు కావాలి” అన్నాడు మణికేతుడు. అంతే అన్నాడు. చెల్లెలి మాట చెప్పలేదు. మాంత్రికుడి దగ్గర దేబిరించడమేమిటని బిగదీసుకున్నాడు.

“మూడు పనులున్నాయి. అవి చెయ్యి, ఇస్తాను” అన్నాడు మాంత్రికుడు.

మొదటి పని, తోటలో రాలిన ప్రతి ఆకూ పొద్దుగూకేలోగా గోతిలో వెయ్యాలి. ‘చీపురు పట్టాలా నేను!’ అనుకుని మణికేతుడు కాకిని పిలిచాడు. కాకి తన వాళ్లందరినీ పిలిచింది. అవి ఆకులు ఏరి గోతిలో వేస్తుంటే, మనవాడు మునగచెట్టు కింద కాళ్లు చాపుకుని నిద్రపోయాడు.

రెండో పని, ఆ ఆకు మీద పేడ, పేడ మీద మన్ను, మళ్లీ ఆకు, మళ్లీ పేడ, మళ్లీ మన్ను వేసి, తడి ఆరకుండా చూస్తూ, తిరగేసి నల్లటి ఎరువు చెయ్యాలి. ‘పేడ ముట్టుకోవాలా నేను!’ అనుకుని వానపాముల్ని పిలిచాడు. అవి దీవిలో ఉన్న వానపాములన్నిటినీ పిలిచాయి. అవి ఎరువుని గుల్లగుల్లగా చేస్తుంటే, మనవాడు చెట్టు కింద కాళ్లు చాపుకుని నిద్రపోయాడు.

మూడో పని, బోడిరాయి మీద కంకర, పుల్లలు, ఆ నల్లమన్ను వరసగా పరిచి మడి కట్టి తోటకూర మొలిపించాలి. చీమల్ని పిలిచాడు. అవి కింద కంకర పరిచాయి, కంకర మీద ఎండుపుల్లలు, పుల్లల మీద నల్లమన్ను, అన్నిటికీ పైన గింజ. పడుకున్నాడర్రా, మళ్లీ పడుకున్నాడు! ఒక్క కన్ను తెరిచి చూసినా సరిపోయేది కదా!

వారం తిరక్కుండానే పనులన్నీ అయ్యాక, “ఏవీ విత్తనాలు?” అన్నాడు.

“నీ చేతులు చూపించు” అన్నాడు మాంత్రికుడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక్క పొక్కు లేదు, గోళ్లలో మట్టి లేదు. “ఈ పనులు నువ్వు చెయ్యలేదు నాయనా. విత్తనాలిచ్చినా నీకు దక్కవు. మళ్లీ మొదలుపెట్టు. మూడునెలలు పడుతుంది, నేను పక్కనే ఉంటాను” అన్నాడు.

మూడునెలలు! మణికేతుడు వేళ్ల మీద లెక్కవేసుకున్నాడు. ఇంటి దగ్గర ఆర్నెల్లు, రావడానికి రెండు, ఇక్కడ మూడు, పోవడానికి రెండు. ఏడాది దాటిపోతుంది. ‘వీడు నన్ను ఆడిస్తున్నాడు, పడవవాడు చెప్పింది నిజమే’ అనుకున్నాడు.

సొరపందిరి మీద చిలక ఉంది. పంజరమేమీ లేదు. మణికేతుణ్ణి చూసి అది, “జాంపండు తింటావా?” అంటూ దగ్గరికొచ్చి చేతి మీద వాలింది. వాడు దాన్ని గట్టిగా పట్టుకుని పీక నులిమేశాడు.

మడిలో ఉన్న మాంత్రికుడు అలాగే కూలబడిపోయాడు. “ఎందుకురా ఇంత పని చేశావు?” అన్నాడు.

“నా చెల్లెలికి చూపు పోతోంది. ఆకుకూర లేక.”

“అయ్యో పిచ్చోడా! ఆ ముక్క మొదటిరోజే చెప్పొద్దురా! నీడన ఎండబెట్టిన మునగాకు బస్తాడు ఉంది. ఆ పూటే నీ పడవలో వేసి పంపేవాణ్ణి కదరా!”

అదే ఆయన ఆఖరి మాట. ఆయన ప్రాణం పోతూనే తోట కూడా పోయింది. మునగచెట్లు, పందిళ్లు, బస్తాలో ఆకుతో సహా బూడిదై గాలికి లేచిపోయాయి. బోడిబండ మిగిలింది. మాంత్రికుడు కూలబడిన చోట రాలి ఉన్న మూడు పిడికిళ్ల తోటకూర గింజలు మాత్రం మణికేతుడికి దొరికాయి. అవి పట్టుకుని ఏడ్చుకుంటూ ఏడు సముద్రాలూ దాటాడు.

ఊరు చేరగానే మొదటి పిడికెడు చౌటిలో చల్లాడు. మొలవలేదు. దున్నించి రెండో పిడికెడు చల్లాడు. రెండాకులు వేసి, అంచులు మాడి చచ్చాయి. మూడో పిడికెడు పట్టుకుని గట్టు మీద కూర్చుంటే, కువలయ గోడ పట్టుకుని తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

“అన్నయ్యా, ఆ తాత నీచేత ఏమేం పనులు చేయించాడు?”

“నేను చెయ్యలేదమ్మా. నిద్రపోయాను.” వాడు మొత్తం చెప్పేశాడు. చిలక సంగతి కూడా దాచలేదు.

ఆ పిల్ల వాడి చేతులు తడిమి చూసింది. తర్వాత, “చెయ్యమన్నవి గుర్తున్నాయిగా? అవే ఇప్పుడు చెయ్యి” అంది.

ఆ పొద్దు నగారా మోగింది గానీ, మణికేతుడు వీధివీధీ పరుగెత్తి, “కాల్చకండి, కాల్చకండి!” అని కుప్పలన్నిటికీ అడ్డంపడ్డాడు. తుమ్మాకు, పేడ, తుక్కు ఈసారి ఎవర్నీ పిలవకుండా తనే గంపలకెత్తి గోతిలో పొరలు పొరలుగా వేశాడు. జనం ముక్కున వేలేసుకున్నారు. వాననీళ్లు కుండల్లో పట్టి తడిపాడు. చేతులు బొబ్బలెక్కాయి, పగిలాయి, కాయలు కాశాయి. మూడునెలలకి మన్ను నల్లగా, పొడిపొడిగా తయారైంది. చౌటి ఉప్పు పైకెక్కకుండా కంకర పరిచి, పుల్లలు పరిచి, దాని మీద మడి కట్టి మూడో పిడికెడు చల్లాడు.

మొలిచింది. నాలుగోనాటికి మొలిచింది, నెలకి కోతకొచ్చింది. మొదటి కోత తోటకూర పప్పులో వేసి వండించి, తనే ముద్దలు కలిపి చెల్లెలికి తినిపించాడు.

“బావుందన్నయ్యా. ఆకు ఎలా ఉంటుంది? పచ్చగానా, ఎర్రగానా?” అంది కువలయ. ఏడాది గడిచి అప్పటికి రెండునెలలు. దానికి పగటివెలుగు కూడా కనబడటం లేదు. వాడు ఒక లేతాకు తుంచి దాని అరచేతిలో పెట్టాడు.

మిగతా పిల్లలు నయమైపోయారు. ఇంటింటా గొయ్యి, ఇంటింటా మడి. తోటకూర తర్వాత బెండ, బెండ తర్వాత సొర, పందిళ్లు కట్టుకుని ఊరు ఊరంతా పచ్చబడింది. అన్నలిద్దరూ, “నువ్వే ఏలు తమ్ముడూ” అన్నారు. పొరుగు రాజు కూతురు హేమప్రభతో పెళ్లి జరిగింది, ఏడురోజుల పెళ్లి. పిల్లలు కలిగారు. నలభైయేళ్లు చల్లగా ఏలాడు. ఇవన్నీ నిజమే, కథ సుఖంగానే అయింది.

కానీ ఏటా తొలికోత వండి తినేముందు ఆ ఊళ్లో ఒక ముద్ద తీసి, మేలు చేసి పోయినవాళ్ల పేరు పైకి చెప్పి గట్టు మీద పెట్టడం ఆచారమైంది. పెట్టించింది కువలయే. మొదటి ఏడాది ముద్ద చేతిలోకి తీసుకుని, “అన్నయ్యా, ఆ తాత పేరేమిటి?” అని అడిగింది.

“అడగలేదమ్మా” అన్నాడు మణికేతుడు.

నలభైయేళ్లూ ఆ ముద్ద పేరు లేకుండానే పెట్టారు. ఏటా ఆ ముద్ద పెట్టేవేళ రాజుగారు తల దించుకుని నించునేవారట.

అంతేనర్రా. ఇక లేవండి, చేతులు కడుక్కోండి, అన్నాలు తిందురుగాని.