ఫిర్యాదు లేని నగారా

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి. నిన్న తిన్న కూరే నాకు గుర్తుండదు. చీనా దేశంలో ఒక కచేరీ. ముందు కచేరీ, వెనక అధికారి కాపురం. చీనా ఎటువైపనీ అడక్కండి. నేను చెయ్యి చూపించిన వైపు వెళితే మీరు సముద్రంలో పడతారు.

ఆ కచేరీకి ఏ అధికారి వచ్చినా మూడేళ్ళే. అందుకని ఎవరూ ఇల్లు బాగుచేయించరు. మొదటాయన కప్పు కారితే మంచం జరుపుకున్నాడు. రెండో ఆయన మంచానికి గొడుగు కట్టుకున్నాడు. మూడో ఆయన, షెన్ దొర, "వచ్చేవాడు చూసుకుంటాడు" అని ముసుగుతన్నాడు.

అక్కడ ఊడ్చే ముసలమ్మ పేరు లియెన్. ఓ మధ్యాహ్నం వెనక ఇంట్లో దొర గుర్రుపెడుతున్నాడు. దూలం కింద చెక్కపొడి. ఊడ్చింది. మళ్ళీ పొడి. మళ్ళీ ఊడ్చింది. మూడోసారి పొడితోపాటు పైన కిర్రుమంది.

పడుకున్న దొరను లేపే హక్కు గుమ్మం ముందరి నగారాకొక్కదానికే ఉంది. అది మోగితే ఆయన వచ్చి కూర్చుని ఫిర్యాదు వినాల్సిందే. లియెన్ పరుగెత్తి నగారా కొట్టింది.

షెన్ దొర ఒంటి చెప్పుతో వచ్చాడు. "ఏమిటే నీ ఫిర్యాదు?"

"దూలం విరుగుతోంది దొరా. లోపలికి పోకండి."

"నాకింక ఆర్నెల్లే ఉంది. వచ్చేవాడికి చెప్పుకో!"

లేచి వెళ్ళాడు. మళ్ళీ కొట్టింది. మళ్ళీ వచ్చి, తిట్టి, వెళ్ళాడు. మూడోసారి మోగేసరికి దొర ముక్కు ఎర్రబడింది.

"ఫిర్యాదు లేకుండా నగారా కొడితే ఏం శిక్షో తెలుసా?"

"వెదురు దెబ్బలు దొరా. అవి అయ్యేదాకా తమరు కుర్చీలోంచి లేవకూడదు. అదీ తెలుసు."

బంట్రోతు కొట్టాడు. కొన్ని దెబ్బలకే దొరకు ఆవలింత వచ్చింది. "చాల్లే, పొమ్మను."

"చాలవు దొరా," అంది లియెన్ నేలమీంచి. "చట్టప్రకారం పూర్తిగా కొట్టించండి."

బంట్రోతు నోరు తెరిచాడు. సగం లేచిన దొర కుర్చీలో కూలబడ్డాడు. దెబ్బలు అడిగి తినే మనిషిని ఆ కచేరీ ఎన్నడూ చూడలేదు. వెదురు లేచింది. దిగింది. మళ్ళీ లేచింది.

అప్పుడు వెనక ఇల్లు కూలింది.

దొర పరుగెత్తి చూశాడు. మంచం లేదు. మంచం ఉన్నచోట దూలం ఉంది. రెండో చెప్పు దాని కింద అప్పడమై ఉంది. వెనక్కొచ్చి లియెన్ తల ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అవ్వా..."

దుమ్ములోంచి ఆమె కూలిన ఇంటివైపు చూసింది. "అబ్బో, ఎంత చెత్త దొరా! ఎవరు ఊడుస్తారు?"

అంతే. పోయింది.

షెన్ దొరే ఊడ్చాడు. చివరి పెంకుముక్క దాకా.

ఇప్పటికీ అక్కడ కొత్త అధికారికి ముందు చీపురిస్తారు, తర్వాతే కుర్చీ. నగారా మోగితే ఆయన ఫిర్యాదేమిటని అడగడు. ముందు తలెత్తి కప్పు చూసి, "ఎక్కడ అవ్వా?" అంటాడు.