తరుగు పోయిన సముద్రపు గాలి

బండలకోట రాజు అనంగసేనుడికి ఒక వేసవిలో సముద్రపు గాలి మీద మనసైంది.

"సముద్రం నుంచి ఉప్పు వస్తోంది, చేపలు వస్తున్నాయి, గవ్వలు వస్తున్నాయి. గాలి మాత్రం ఎందుకు రాదు?" అన్నాడు కొలువులో.

సుంకాల అధికారి శరభయ్య మీసం దువ్వుకుంటూ లేచాడు.

"నేను తెప్పిస్తాను ప్రభూ. గాలి కూడా సరుకే కదా."

శరభయ్యకు రాజుగారి ముందు కాదనడం చేతకాదు. అన్నది చెయ్యడం అంతకన్నా చేతకాదు. అందుకని తిన్నగా బాడుగ బండ్ల దళారి గురవన్న దగ్గరికి వెళ్ళాడు.

గురవన్నకు సొంత బండి లేదు, ఎద్దూ లేదు. సరుకున్నవాడికి బండివాణ్ణీ, బండివాడికి సరుకునీ చూపించడమే అతని పని. పని సవ్యంగా జరిగితే ఇద్దరూ అతన్ని మర్చిపోతారు. చెడితే ఇద్దరూ అతని మీదే పడతారు.

"సరుకేమిటి దొరా?" అన్నాడు గురవన్న.

"గాలి."

గురవన్న తల గోక్కున్నాడు. "బరువుండదు, ఎద్దులకు సుఖమే. కానీ దారిలో తరుగు పోతుంది. ముందే చెబుతున్నా."

"చెప్పింది చెయ్యి," అన్నాడు శరభయ్య.

పోలయ్య అనే బండివాడు తన జట్టుతో బండ్లు కట్టాడు. శరభయ్య మనుషులు సముద్రపు ఒడ్డున తోలు తిత్తులు తెరిచి పట్టుకుని, గాలి నిండగానే మూతులు బిగించి బండ్లకెత్తారు. మొత్తానికి తిత్తులు కొలువు చేరాయి.

మొదటిది విప్పితే తుస్సుమంది. రెండోది విప్పితే ఎండుచేపల వాసన కొట్టింది. మూడోది విప్పేసరికి రాజుగారికి తుమ్ములు పట్టుకున్నాయి. తుమ్ముకీ తుమ్ముకీ మధ్య ఆయన "గాలేది?" అని అడిగాడు.

"నేను నిండు తిత్తులే ఎక్కించాను ప్రభూ," అన్నాడు శరభయ్య. "దారిలో బండివాళ్ళు పీల్చేశారు. కావాలంటే చూడండి, వాళ్ళ ఛాతీలు ఎంతెంత ఉన్నాయో."

రాజు చూశాడు. నిజమే, పెద్దవే. పోయిన గాలి తిరిగి ఇచ్చేదాకా వాళ్ళ ఎద్దుల్ని కోటలో కట్టెయ్యమన్నాడు.

పోలయ్య వచ్చి గురవన్న గుమ్మంలో కూలబడ్డాడు.

"నీ మాట నమ్మి బండి కట్టాం అన్నా. ఎద్దులు లేకపోతే మా ఇళ్ళల్లో పొయ్యిలో పిల్లి లేవదు."

గురవన్న పైపంచె దులిపి భుజాన వేసుకుని కొలువుకు నడిచాడు.

"మహారాజా, సరుకు దించే పూచీ నాది. ఎక్కడ దించమంటారు?"

"నా సింహాసనం ముందు."

"సరిగ్గా ముందు," అన్నాడు శరభయ్య. "వెనకా కాదు, పక్కనా కాదు."

"గడువు?"

"రేపు పొద్దు గుంకేలోగా," అన్నాడు రాజు. "కాదంటే ఎద్దులు మావి. నువ్వు కూడా ఈ ఊళ్ళో దళారీ పని చెయ్యడానికి వీల్లేదు."

"కోటలోవి ఏవైనా కావలసివస్తే?"

"తీసుకో. ఎవరూ అడ్డు చెప్పరు."

గురవన్న సంతకు పోయాడు. అక్కడ ఒక ఉప్పు బండి సరుకు దించేసి, ఖాళీగా సముద్రం వైపు తిరిగిపోవడానికి సిద్ధంగా ఉంది. ఖాళీ బండి తోలడమంటే బండివాడికి ప్రాణం మీదికొచ్చినట్టే.

"తిరుగు బండికి సరుకిస్తాను, తీసుకుపోతావా?" అన్నాడు. బండివాడు సరుకేమిటని కూడా అడగలేదు.

మర్నాడు రాజు కొలువుకు వచ్చేసరికి సింహాసనం ఉండాల్సిన చోట నాలుగు కాళ్ళ గుర్తులు, కాస్త పాత దుమ్ము ఉన్నాయి.

"సింహాసనం ఏదిరా?"

"సరుకు దించుకోవడానికి వెళ్ళింది ప్రభూ," అన్నాడు కాపలావాడు. "నిన్న సాయంత్రమే ఉప్పు బండెక్కింది. ఎవరూ అడ్డు చెప్పకూడదన్నారు కదా."

రాజు నిలబడి కొలువు తీర్చడం ఆ వంశంలో లేదు. వెంటనే పల్లకి ఎక్కాడు. వెనకాల మంత్రులు, వింజామరలవాళ్ళు, శరభయ్య పరుగెత్తారు. ఒక మేక గురించి తగువు పెట్టుకుని వచ్చిన ఇద్దరు రైతులు కూడా తీర్పు కోసం మేకతో సహా పరుగెత్తారు.

"ఇటుగా సింహాసనం ఏమైనా పోయిందా?" అని దారిలో ఒక ముసలమ్మను అడిగారు.

"పోయింది నాయనా. ఎద్దులకు కుడితి పెట్టించుకుని మరీ పోయింది."

పొద్దు వాలుతుండగా సముద్రం కనబడింది. ఇసుకలో, నీళ్ళకేసి తిరిగి సింహాసనం ఉంది. పక్కనే గురవన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాణ్ణి కొరడాతో కొట్టించాలని దారిపొడవునా అనుకుంటూ వచ్చిన రాజు, ముందు కాసేపు కూర్చుందామని కూర్చున్నాడు.

చల్లటి గాలి ముఖాన తగిలింది. రాజు కళ్ళు వాటంతటవే మూతలు పడ్డాయి.

"సింహాసనం ముందు సరుకు దిగింది మహారాజా. పొద్దింకా ఉంది," అన్నాడు గురవన్న.

"ఇది మోసం ప్రభూ," అన్నాడు శరభయ్య రొప్పుతూ. "గాలిని తెమ్మంటే సింహాసనాన్ని తెచ్చాడు."

"గాలి దారిలో కారిపోతుంది దొరా. సింహాసనం కారదు. కారని సరుకునే బండెక్కించాను."

రాజు ఒక కన్ను తెరిచాడు. శరభయ్యకు ఇంకొక్క మాటే మిగిలింది.

"అయినా నా తిత్తుల్లో పోయిందెంత, ఇదెంత? కొలత తక్కువుంది."

అంతలో సముద్రం మీంచి ఒక విసురు వచ్చింది. శరభయ్య తలపాగా లేచి, మొగలిపొదల మీదుగా ఊరివైపు ఎగిరిపోయింది.

"అది కొసరు దొరా," అన్నాడు గురవన్న.

రాజు పకపకా నవ్వాడు. మంత్రులు నవ్వారు, పల్లకి బోయీలు నవ్వారు, తగువు మర్చిపోయి రైతులిద్దరూ ఒకరినొకరు పట్టుకుని నవ్వారు. శరభయ్య బోడితలతో మొగలిపొదల్లో పడి పరుగెడుతుంటే, రాజు మెడలోని ముత్యాలహారం తీసి గురవన్న మెడలో వేసి, పోలయ్య జట్టు ఎద్దుల్ని విప్పమని అక్కణ్ణుంచే మనిషిని పంపాడు.