రాళ్ళు ఏరిన బీడు

అనగనగా ఒక బీడు. అది అడవీ కాదు, పొలమూ కాదు. ఏడాదికి నాలుగైదు మంచి వానలు పడితే గొప్ప అనుకునే చోటు. పైన గులకరాళ్ళు. వాటి కింద ముతక ఎర్ర ఇసుక. మూరెడు లోతున రాళ్ళు కలిసిన గట్టి గరుసు నేల. రాళ్ళ సందుల్లో సన్నటి గడ్డి మొలిచేది. ఒత్తుగా కాదు, ఇక్కడొక కుదురు, అక్కడొక కుదురు. దూరం నుంచి చూస్తే గడ్డి ఉన్నట్టే తెలియదు. మేసేవాళ్ళకు మాత్రం ఏడాది గడిచిపోయేది.

బీడు మధ్యలో ఒక ఎండిన వంక ఉంది. వంకకు ఇవతల చెంగలి అనే లేడి మేసేది. అవతల ఒక తీతువు పిట్ట రాళ్ళ మధ్య గుడ్లు పెట్టుకునేది. ఎవరి వైపు సంగతి వాళ్ళదే, రెండోవాళ్ళు అడ్డం రాకూడదు. అది ఆ బీడులో పాత కట్టుబాటు.

ఆ ఏడు చెంగలి కడుపుతో ఉంది. వానలు పడ్డాక ఈనాలి. పిల్లకు పాలు కావాలంటే తల్లికి గడ్డి కావాలి. పొద్దున లేస్తే చెంగలికి అదే ఆలోచన.

ఎండలు ముదిరిన రోజుల్లో కోరయ్య అనే అడవిపంది ఆ బీడుకు వచ్చింది. దానిది ఏటి ఒడ్డున ఉన్న నల్లరేగడి నేల. ఏరు ఎండిపోతే తిండి వెతుక్కుంటూ ఇటు తిరిగింది.

"ఏమమ్మా లేడీ, ఇదేం నేల?" అంది కోరయ్య. "కాలు పెడితే గిట్టలో రాయి. మూతి పెడితే పంటి కింద రాయి. దీన్ని నేలంటారా, గుట్ట కక్కిన చెత్తంటారా?"

"మేం పుట్టినప్పటి నుంచీ ఇంతే మామా," అంది చెంగలి.

"ఇంతే అనుకుంటే ఇంతే. మా రేగడిలో భూతద్దం పెట్టి వెతికినా రాయి దొరకదు. అందుకే అక్కడ గడ్డి నా వీపు దాకా లేస్తుంది. ఇక్కడేమో రాళ్ళు గడ్డి నెత్తినెక్కి కూర్చున్నాయి. పాపం, అది ఎట్లా పెరుగుతుంది చెప్పు?"

రేగు పొద కింద పడుకున్న కుందేలు చెవులు నిక్కించింది. "మామ అన్నది నిజమేనక్కా. పరుగెత్తితే నా పాదాలు మండిపోతున్నాయి."

"ఈ రాళ్ళన్నీ నేను వంకలోకి నెట్టేస్తా," అంది కోరయ్య. "నాకేమీ ఇవ్వక్కర్లేదు. కింద దుంపో పురుగో దొరికితే చాలు."

వంక అవతల నుంచి తీతువు గట్టిగా అరిచింది. "వద్దే చెంగలీ! ఆ రాళ్ళు అక్కడ ఊరికే లేవు!"

కోరయ్య నవ్వింది. "నీ గుడ్లు రాళ్ళలా ఉంటాయి, అందుకని నీకు రాళ్ళు కావాలి. గుడ్లు పెట్టనివాళ్ళకెందుకమ్మా?"

"నా గుడ్ల మాట అలా ఉంచు. ఒక్క రాయి తిప్పి, దాని కింద ఇసుకను ముట్టుకుని చూడు. తర్వాత మాట్లాడు."

"ముట్టుకోవడాలు పిట్టలకు. నేను తవ్వుతా!"

చెంగలి తన గిట్టతో ఒక్క రాయి తిప్పి చూసినా సరిపోయేది. అది పెద్ద పనేం కాదు. కానీ దాని కళ్ళ ముందు వీపు దాకా లేచిన గడ్డి ఊగుతోంది.

"తీసెయ్ మామా," అంది. "నా వైపే కదా."

అది దాని వైపే. కట్టుబాటు ప్రకారం తీతువు ఇక నోరు మూసుకుంది.

కోరయ్య తొమ్మిది రోజులు పని చేసింది. మూతితో నెట్టింది, కోరలతో పెళ్ళగించింది. దొరికిన దుంపలూ పురుగులూ తిని బలిసింది. చివరికి చెంగలి వైపు నేల జల్లెడ పట్టినట్టు నున్నగా తేలింది. చెంగలి దాని మీద పడుకుని చూసింది. మెత్తగా ఉంది. కుందేలు పిల్లిమొగ్గలు వేసింది. అందరికీ సంతోషమే.

ముందు గాలి వచ్చింది. మూడు రోజులు ఆగకుండా వీచింది. తీతువు వైపు రాళ్ళు ఇసుకను అదిమి పట్టుకున్నాయి. చెంగలి వైపు పట్టుకునేది ఏదీ లేదు. ఇసుక లేచి బీడు అంచున ఉన్న గుట్ట దాకా పోయింది. గడ్డి కుదుళ్ళ వేళ్ళు బయటపడ్డాయి.

"మామా, గడ్డి పడిపోతోంది," అంది చెంగలి.

"పాత గడ్డి పోతేనే కదా కొత్తది వచ్చేది! వాన పడనీ," అంది కోరయ్య.

వాన పడింది. పెద్ద చినుకులు. తీతువు వైపు చినుకులు రాళ్ళ మీద పడి చిట్లాయి. నీళ్ళు మెల్లగా జారి ఇసుకలోకి ఇంకాయి. చెంగలి వైపు చినుకులు నేలను నేరుగా కొట్టాయి. సన్నటి మట్టి మెత్తబడి, ఇసుక సందుల్ని పూడ్చేసింది. నేల మొహం మూసుకుపోయింది. నీళ్ళు లోపలికి పోలేక ఎర్రగా వంకలోకి పారాయి. వంక పొంగి, కోరయ్య నెట్టిన రాళ్ళను కూడా ఎటో లాక్కుపోయింది.

"ఇంకొక్క వాన పడితే చూడు," అంది కోరయ్య.

కుందేలు ఆ వాన కోసం ఆగలేదు. ఎవరికీ చెప్పకుండా వంక దాటి వెళ్ళిపోయింది.

తర్వాత ఎండ వచ్చింది. పదిహేను రోజులు చినుకు లేదు. తీతువు వైపు రాళ్ళ నీడన తడి నిలిచింది. సందుల్లోంచి పచ్చటి మొలకలు తలెత్తాయి. చెంగలి వైపు నేల అప్పడంలా పెచ్చులు లేచింది. ఆ పెచ్చుల మీదే చెంగలి ఈనింది. ఆడపిల్ల. ఆరు రోజులు పాలు ఇచ్చింది. ఏడో రోజు పిల్ల పొదుగును కుమ్మింది, కుమ్మింది. చుక్క రాలేదు.

చెంగలి కోరయ్య దగ్గరికి వెళ్ళింది. "మామా, గడ్డి ఏది?"

కోరయ్య అటూ ఇటూ చూసింది. "మా రేగడిలో అయితే ఈపాటికి వచ్చేసేది. లోపం నీ నేలలో ఉందమ్మా." ఆ మాట అని ఏటి వైపు నడిచి వెళ్ళిపోయింది. దానికి ఇక అక్కడ తినడానికి దుంపలు కూడా లేవు.

చెంగలి వంక దాటింది. తీతువు రెక్కలు విప్పి ఎదురొచ్చింది.

"ఆగక్కడ! కాలు ఎక్కడ పెడుతున్నావు? గుడ్లున్నాయి."

"పిల్లకు పాలు లేవు."

"తెలుసు. పొద్దుటి నుంచీ దాని ఏడుపు వింటున్నా."

"మెయ్యనిస్తావా?"

తీతువు రెక్కలు ముడిచింది. "నేను చూపించిన చోటే నడువు. కుదురుకు కొసలే కొరుకు. ఒకసారి కొరికిన కుదురు మళ్ళీ వాన పడేదాకా ముట్టుకోకు. ఇది కుందేలుకూ చెప్పాను. అది వినదు, నువ్వు విను."

చెంగలి తలొంచుకుని మేసింది. మేస్తూ గిట్టతో ఒక రాయి తిప్పింది. దాని కింద ఇసుక చల్లగా, తడిగా ఉంది. మళ్ళీ ఎట్లా ఉన్న రాయిని అట్లా పెట్టింది.

"నా వైపు ఎప్పుడు బాగవుతుంది?" అని అడిగింది.

"గాలి ఇసుకను ఎత్తుకుపోవాలి. అడుగున ఉన్న రాళ్ళు ఒక్కొక్కటే పైకి తేలాలి. నీ పిల్ల ముసలిదయ్యేసరికి కొన్ని తేలతాయి."

"కొన్నేనా?"

"కొన్నే."

పిల్ల బతికింది. కానీ ఒక వైపు గడ్డి రెండు వైపుల వాళ్ళకు ఎన్నాళ్ళు వస్తుంది? చలి మొదలయ్యేసరికి అదీ అయిపోవచ్చింది. తీతువు పొమ్మనలేదు. చెంగలే పిల్లను వెంటబెట్టుకుని గుట్ట అవతలి బీడుకు బయలుదేరింది. అక్కడ వేరే మంద ఉంది. వాళ్ళందరూ మేశాక మిగిలింది మెయ్యాలి.

దారి చెంగలి వైపు నుంచే. పిల్ల ఆ బోడి నేలను చూసి ఆగింది.

"అమ్మా, ఇది ఎవరిది?"

"మనదే."

"మరి ఇట్లా ఉందేం?"

చెంగలి నడక ఆపలేదు.

"దీన్ని నేను బాగు చేయించాను," అంది.

నీతి: పనికిరాదని దేన్నైనా తీసేసే ముందు, ఇన్నాళ్ళూ అది అక్కడ ఏ పని చేస్తోందో తెలుసుకోవాలి.