మూత తీసిన బురద

అన్యాయం జరిగింది ఓలేటి పోలమ్మకి. మొన్నటి ఆషాఢంలో, పౌర్ణమి వెళ్ళిన మర్నాడు, వలల షెడ్డు కింద ఊరి పెద్దలు కూర్చున్నచోట, అందరి ఎదటా జరిగింది. ఆ పొద్దున ఉప్పుటేటి పాయలో చేపలు తెల్లటి పొట్టలు పైకిపెట్టి తేలాయి. రొయ్యల చెరువుల సంఘానికి ప్రెసిడెంటు పేర్రాజు లేచి, "ఆడాళ్ళు పీతల కోసం బురద కెలికి విషం పైకి లేపేరు" అన్నాడు. పెద్దలు తలలూపారు. ఆసామి ముందు ఊగడానికి ఆ తలలకి ఎప్పుడూ బద్ధకం లేదు. ఆ పూటనుంచీ ఆడదన్నది పాయలో కాలు పెట్టకూడదని కట్టుబాటు చేశారు. పీతలు పట్టి, బుట్టలో వేసుకు అమ్మి ముగ్గురు పిల్లల్ని పెంచిన పోలమ్మ, మర్నాటినుంచి పరాయివాళ్ళ ఎండుచేపల కళ్ళంలో కూలికి పోయింది.

ఆ సభలో పోలమ్మ పెద్దకూతురు నూకరత్నం కూడా ఉంది. చెరువుల మురుగు పాయలో పడేచోట ఆ తెల్లవారే నీళ్ళు పట్టి పరీక్ష చేసింది ఆ పిల్లే. మందు చుక్కలు వెయ్యగానే సీసాలో నీళ్ళు ముదురు ఆకుపచ్చగా తిరిగాయి. అమ్మోనియా అన్నమాట. ఈ పరీక్ష రొయ్యలు పెంచే ఎవరికైనా తెలుసు, పేర్రాజుకి మరీ తెలుసు. చెరువు గట్లకి బొక్కలు పడుతున్నాయని వేసవిలో ఆయన మనుషులు పాయ ఒడ్డు పొడుగునా పీతల బొరియల్లో సున్నం పోసి పూడ్చేశారని కూడా రత్నానికి తెలుసు. నోరు తెరవబోయింది. పేర్రాజు ఆమె వైపు చూసి చిన్నగా నవ్వాడు. ఆమె కాలేజీ ఫీజులు కట్టినవాడు ఆయన. నోరు దానంతటదే మూసుకుంది.

తల్లి ఆమెని తిట్టలేదు. తిడితే బాగుండేది. రోజూ అన్నం పెడుతూ ఒక్కమాట అనేది: "నోట్లో గవ్వెట్టుకున్నావేటే? మింగవు, ఉమ్మవు. అన్నం ఎలా తింటన్నావు?"

దసరా దాటాక రత్నం తన గురువు దగ్గరికి వెళ్ళింది. భ్రమరాంబ గారు కాకినాడలో జంతుశాస్త్రం చెప్పి రిటైరై, పాయ ఒడ్డున రేకుల గది వేసుకుని, బురదని చదువుకుంటూ ఉన్న మనిషి. బంగారు నగలు చూసినా తిరగని ఆ కళ్ళు, నల్లబురద ముద్ద చూస్తే మెరుస్తాయి. ఊళ్ళో బురద టీచరమ్మ అంటారు. ఆవిడ ఆ పేరు తలుపు మీద రాయించుకుంది. ఆవిడకో అలవాటు. ఎవరేం అడిగినా వాదించదు, శ్లోకం చదవదు, ముందు అడిగినవాళ్ళ చేతులకి బురద అంటిస్తుంది.

"అమ్మగారూ, మింగేసిన మాట ఎప్పటికైనా అరుగుతుందాండీ?" అని అడిగింది రత్నం.

"పార తీసుకుని నా వెనక రా" అంది ఆవిడ.

మడచెట్ల వైపు, పేర్రాజు సున్నం చేరనిచోట, బురద తవ్వించింది. పారమీద లేచిన గడ్డని చాకుతో నిలువునా కోసి చూపించింది. పైన వేలిమందాన గోధుమరంగు పొర. దాని కింద అంతా కాటుక, కుళ్ళిన కోడిగుడ్డు కంపు. ఆ కాటుకలోకి పీత బొరియలు దిగినచోటల్లా, బొరియ గోడచుట్టూ మళ్ళీ గోధుమరంగు అంచు.

"చూశావా రాణివాసం?" అంది ఆవిడ, వేలితో ఆ అంచుని తాకీ తాకనట్టు. "పైపొరలోనూ, పీత బొరియ గాలి దింపినచోటా, గాలి పీల్చే జాతులుంటాయి. చచ్చిన ఆకూ, చేపా, మేతా కుళ్ళి అమ్మోనియా అయితే, ఒక జాతి దాన్ని తిని నైట్రైట్ చేస్తుంది. ఇంకో జాతి ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. అది కిందికి ఇంకుతుంది. కిందివాళ్ళకి గాలి లేదు. గాలికి బదులు ఆ నైట్రేట్‌నే ఊపిరిగా పీల్చి, నత్రజనిగా వదిలేస్తారు. ఒకళ్ళు విడిచింది ఇంకొకళ్ళకి కూడు. ఒక చెంచా బురదలో మన జిల్లా జనాభాని మించి ఉన్నారు, ఒక్కళ్ళకీ కన్ను లేదు, చెయ్యి లేదు, సంఘం లేదు, ప్రెసిడెంటు లేడు. సముద్రాన్ని కుళ్ళిపోకుండా కాస్తున్నది వాళ్ళేనే!"

రత్నం ఈ పాఠం పరీక్షలో రాసింది. మంచి మార్కులే వచ్చాయి. కానీ తరాలుగా తన వాళ్ళు మోకాళ్ళదాకా దిగి నడిచిన ఆ నలుపు, పాదాల కింద ఇంత పని చేస్తోందని ఒంటికి తెలియడం ఇదే మొదటిసారి. పార దించింది. తొక్కినచోట క్షమాపణ చెప్పుకోవాలనిపించింది.

ఆ బురదని బాగా కలిపి రెండు గాజు జాడీల్లో సమంగా నింపించింది ఆవిడ. రెండింటిలోనూ పేర్రాజు మురుగునీళ్ళే పోయించింది. ఒకదాంట్లో చిన్న పీతల్ని వదిలి, మూతి మీద దోమతెర గుడ్డ కట్టింది. రెండోదాంట్లో పీతలు వెయ్యలేదు. మూత పెట్టి, చుట్టూ మైనం మెత్తింది.

"మరి నేనడిగిందండీ?" అంది రత్నం.

"జాడీల్లో కూర్చోబెట్టాంగా. దాని పని దాన్ని చేసుకోనీ."

కార్తీకం వచ్చింది. కార్తీక సోమవారాల్లో ఆ ఊరు వేటకి పోదు, తగువులన్నీ ఆ రోజుల్లోనే పెట్టుకుంటారు. నాలుగో సోమవారం మళ్ళీ వలల షెడ్డు కింద పెద్దలు కూర్చుంటారని చాటింపు అయింది. పాయ ఒడ్డు మొత్తం చెరువుల సంఘానికే అప్పజెప్పే మాట ఉందన్నారు. ఆ రోజు అప్పజెబితే, పోలమ్మకీ తోటి ఆడవాళ్ళకీ ఆ బురద జన్మలో మళ్ళీ దొరకదు.

ఆ పొద్దున్నే రత్నం రేకులగదికి పరిగెత్తింది. భ్రమరాంబ గారు పీతల జాడీలో నీళ్ళు తీసిచ్చింది. రత్నం మందు చుక్కలు వేసింది. నీళ్ళు నిమ్మపండు రంగులో ఉండిపోయాయి, పచ్చదనం జాడే లేదు. నైట్రేటుగా మారి అందులోనే ఆగిందేమోనని ఆ పరీక్షా చేసింది. ఏదో అంటీ అంటనంత.

"అంత మురుగు పోశాం కదండీ. ఎక్కడికి పోయింది?"

"నత్రజనై గాలిలో కలిసింది. ఇందాకట్నుంచి నువ్వు పీలుస్తున్నావు" అంది ఆవిడ.

తరవాత రెండో జాడీ మైనం గీకి మూత లేపింది. ఘాటు ముక్కుపుటాల్ని కోసేసింది. రత్నం కళ్ళంట నీళ్ళు కారాయి. చుక్కలు పడగానే సీసా అడవి రంగుకి తిరిగింది. గాలి ఆడక పైజాతి పని ఆపేసింది. కొత్త నైట్రేటు పుట్టలేదు. కాస్తో కూస్తో ఉన్నదాన్ని కూడా ఆ నల్లటి ఉక్కపోతలో కిందివాళ్ళు మళ్ళీ అమ్మోనియాగానే తిప్పేశారు. పోసినది ఎక్కడికీ పోలేదు. పోసినదానికి తోడు ఇంకా పుట్టింది.

"రెండూ మింగాయే రత్నం" అంది ఆవిడ.

రత్నం ఆ జాడీకి మళ్ళీ మూత పెట్టి, రెండు జాడీలూ చెరో చంకన పెట్టుకుని వలల షెడ్డుకి నడిచింది. పెద్దల ముందు నేలమీద పెట్టి, మూత జాడీ మూత తీసేసింది. పెద్దలు పైగుడ్డలు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. ఆషాఢంలో ఊగిన తలలన్నీ ఒక్కసారి వెనక్కి పోయాయి. అప్పుడు చెప్పింది. బొరియల్లో పోసిన సున్నం చెప్పింది, మురుగు చెప్పింది, చేపలు తేలిన పొద్దున తాను చూసిన సీసా రంగు చెప్పింది, ఆ రోజు తాను నోరు మూసుకున్న సంగతీ చెప్పింది.

పేర్రాజు కుర్చీలోంచి లేవలేదు. "నీ ఫీజులెవరు కట్టేరే?" అన్నాడు.

"మీరేనండీ" అంది రత్నం. "అమ్మోనియా కొలవడం ఆ ఫీజుతోనే నేర్చుకున్నానండి. అబద్ధం కొలిస్తే మీ డబ్బు దండగైపోదాండీ?"

ఆడవాళ్ళ వైపునుంచి నవ్వు లేచింది. పోలమ్మ నవ్వలేదు. నెత్తిమీది ఎండుచేపల తట్ట దించి కూతురి పక్కకి వచ్చి నిలబడింది. "ఉమ్మింది" అంది, ఎవరితోనో అన్నట్టు.

పెద్దలు చాలాసేపు గుసగుసలాడి, కాలం మారింది గనక కట్టుబాటు ఎత్తేస్తున్నాం, పాయ ఒడ్డు ఊరిదే, బొరియల జోలికి ఎవరూ పోకూడదు అన్నారు. తప్పు ఎవరిదో చెప్పలేదు. న్యాయం చెయ్యడానిక్కూడా మొహమాటపడే జాతి అది. పేర్రాజు మాత్రం వచ్చే టర్ము ఫీజు కట్టనని అక్కడే తేల్చేశాడు. రత్నం సరేనండీ అంది. ఆ సాయంత్రం నీళ్ళు తీసిన పాటుకి పోలమ్మ బుట్ట పట్టుకుని బురదలో దిగింది, వెనకాల మిగతా ఆడవాళ్ళు.

రత్నం కంపు జాడీని తిరిగి రేకులగదికి తెచ్చింది.

"ఇది ఇంక చచ్చినట్టేనాండీ?"

భ్రమరాంబ గారు పీతల జాడీలోంచి ఒక బుల్లి పీతని తీసి, కాస్త గోధుమరంగు బురదతో సహా రత్నం చేతిలో పెట్టింది. "పైనీళ్ళు మార్చి, వదిలిపెట్టు. ఊపిరాడితే అవే మొదలెడతాయి."

రత్నం నీళ్ళు మార్చి వదిలింది. పీత కాసేపు బిగుసుకుని కూర్చుంది. తరవాత పక్కకి నడిచి, నల్లబురదలో గోరు దింపి, ఆవగింజంత ముద్ద పైకి తెచ్చి పెట్టింది.

జాడీకి అంటించడానికి కాగితం ముక్క తీసి, రత్నం కలం పట్టుకు ఆగింది. "మూత బిగించిన రోజు గుర్తులేదండీ. ఏ తేదీ వెయ్యమంటారు?"

"బిగించిన తేదీతో ఏం పనే? తీసిన తేదీ వెయ్యి."

రత్నం వేసింది: నవంబరు 17, సోమవారం.